బ్రిటన్‌లో ఓటు: స్వయంగానా, పోస్టులోనా, ప్రాక్సీతోనా? ఇంటూనా, అంకెనా?

మాస్టర్స్‌కో ఉద్యోగానికో బ్రిటన్ వచ్చిన తెలుగువాళ్లలో చాలామంది "ఓటా? అది ఇక్కడి పాస్‌పోర్టు వచ్చాక కదా" అనుకుంటారు. అంతదాకా ఆగక్కర్లేదు. భారతదేశం కామన్వెల్త్ సభ్య దేశం. అందువల్ల వీసా మీద ఇక్కడ నివాసముంటున్న భారత పౌరులకు పార్లమెంటు ఎన్నికలతో సహా అన్ని ఎన్నికల్లోనూ ఓటుంది. స్టూడెంట్ వీసా అయినా, గ్రాడ్యుయేట్ రూట్ అయినా, స్కిల్డ్ వర్కర్ అయినా, డిపెండెంట్ అయినా తేడా లేదు. ఓటరుగా చేరినంత మాత్రాన భారత పౌరసత్వానికి వచ్చే ముప్పేమీ లేదు. చుట్టపుచూపుగా వచ్చి కొన్ని నెలలుండి వెళ్లే అమ్మానాన్నలకు మాత్రం ఇది వర్తించదు.

ఈ హక్కు సామ్రాజ్యం వదిలి వెళ్లిన ఆస్తి. అప్పట్లో చట్టం దృష్టిలో భారతీయులూ బ్రిటిష్ రాణి ప్రజలే. 1892లో దాదాభాయ్ నౌరోజీ లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభకు గెలిచింది ఆ లెక్కనే. సామ్రాజ్యం పోయినా ఆ నిబంధన వేరే పేరుతో మిగిలింది. దాని వింత 2016 బ్రెగ్జిట్ రెఫరెండంలో బాగా కనిపించింది: ముందు ఏడాది హైదరాబాద్ నుంచి వచ్చిన విద్యార్థికి ఓటుంది, ఇరవై ఏళ్లుగా లండన్‌లో ఉంటున్న ఫ్రెంచి పౌరుడికి లేదు.

ఓటుందని తెలిశాక రెండు ఎంపికలు ముందుకొస్తాయి. ఓటు ఎలా చేరవేయాలన్నది మొదటిది, దాన్ని క్యాలెండరు తేలుస్తుంది. చేతికొచ్చిన కాగితాన్ని ఎలా వాడాలన్నది రెండోది, దాన్ని ఓట్లు లెక్కపెట్టే పద్ధతి తేలుస్తుంది. ఆ పద్ధతులు ఈ ఒక్క దేశంలోనే నాలుగు రకాలు. ఈవీఎం మీద బటన్ నొక్కిన అలవాటుతో అన్నిటికీ ఒకే సూత్రం వాడితే ఒకచోట ఓటు చెల్లదు, ఇంకోచోట చెల్లినా పనిచెయ్యదు.

ముందు జాబితాలో పేరు

ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు అడుగుతుంది. కొత్తగా వచ్చి అదింకా చేతికి రాకపోయినా దరఖాస్తు ఆపక్కర్లేదు. లేదని రాస్తే కౌన్సిల్ వాళ్లు పాస్‌పోర్టు లాంటి వేరే ఆధారం అడుగుతారు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇల్లు మారినప్పుడు. కౌన్సిల్ టాక్స్ కొత్త చిరునామాకు మార్చాం కదా, ఓటూ దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ నమోదు చేసుకోవాలి. షేరింగ్ ఇళ్లలో ఏటా చిరునామా మార్చే కుర్రాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. క్రెడిట్ స్కోరు లెక్కగట్టే సంస్థలు కూడా ఈ జాబితానే చూస్తాయి కాబట్టి, రాజకీయాల మీద ఆసక్తి లేనివాళ్లకైనా ఇది పనికొచ్చేదే.

పేరు దగ్గర మనకో ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఇంకొకరిది గివెన్ నేమ్‌లోనే కలిసిపోయి ఉంటుంది, కాలేజీలో ఇంకో వరుసలో ఉంటుంది. పోలింగ్ రోజు చూపించబోయే కార్డు మీద పేరు ఏ వరుసలో ఉందో నమోదులోనూ అదే వరుసలో రాయండి. పెళ్లి తర్వాత పేరు మారి, కార్డులో ఒకటి, జాబితాలో ఒకటి ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్ వెంట తీసుకెళ్లాలి.

కింద చెప్పే గడువులూ షరతులూ ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌కి వర్తించేవి. ఉత్తర ఐర్లాండ్‌లో పోస్టల్, ప్రాక్సీ (మీ బదులు ఇంకొకరు ఓటు వేయడం) నిబంధనలు వేరు, ఇంకాస్త కఠినం.

చేరవేసే మూడు దారులు

ఆ రోజు ఊళ్లో ఉంటే స్వయంగా వెళ్లడమే మేలు. పోలింగ్ సాధారణంగా గురువారం జరుగుతుంది, సెలవు ఇవ్వరు. కానీ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా తెరిచే ఉంటుంది. 10 గంటలకు వరుసలో నిలబడి ఉన్నా ఓటు వేయనిస్తారు. ఇంటికి వచ్చిన పోల్ కార్డు లేకపోయినా పర్లేదు. అందులో రాసిన కేంద్రానికే వెళ్లాలి, అంతే. పక్కవీధిలో ఇంకో కేంద్రం ఉన్నా అక్కడ మీ పేరుండదు.

కామన్స్ ఎన్నికలకూ ఇంగ్లండ్‌లోని స్థానిక ఎన్నికలకూ ఫోటో గుర్తింపు కావాలి. 2023 మే నుంచి వచ్చిన నియమమిది. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, ఎందుకంటే కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టులు జాబితాలో ఉన్నాయి. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సూ చెల్లుతుంది. యూనివర్సిటీ ఐడీ చెల్లదు. ఫోన్‌లో ఉన్న ఈ-వీసా గానీ, పాస్‌పోర్టు ఫోటో గానీ చూపిస్తే ఒప్పుకోరు, అసలు కార్డే చేతిలో ఉండాలి. గడువు తీరిన కార్డయినా ముఖం పోలికలు తెలుస్తుంటే తీసుకుంటారు. వీసా రెన్యువల్‌కో పాస్‌పోర్టు మార్పిడికో కాగితాలు బయట ఉన్నవాళ్లకు ఇక్కడే చిక్కు. వాళ్లు ఉచితంగా ఇచ్చే ఓటర్ అథారిటీ సర్టిఫికెట్‌కు పోలింగ్‌కు 6 పనిదినాల ముందు సాయంత్రం 5 లోపు దరఖాస్తు చేసుకోవాలి. స్కాట్లాండ్ పార్లమెంటు, వేల్స్ చట్టసభ అయిన సెనెడ్, ఆ రెండు చోట్ల కౌన్సిల్ ఎన్నికలకు మాత్రం ఫోటో గుర్తింపు అడగరు. అక్కడి చట్టసభలు ఆ నియమాన్ని తీసుకోలేదు.

కేంద్రం బయట పార్టీ రిబ్బను పెట్టుకుని ఎవరో మీ ఓటరు నంబరు అడగొచ్చు. వాళ్లు అధికారులు కారు. తమ పార్టీ మద్దతుదారుల్లో ఎవరొచ్చారో, ఎవరిని ఇంకా పిలవాలో లెక్క చూసుకునే కార్యకర్తలు. చెప్పడం మీ ఇష్టం.

పోస్టల్ ఓటుకు కారణం చెప్పక్కర్లేదు. అడిగితే చాలు, 11 పనిదినాల ముందు సాయంత్రం 5 గంటలు ఆఖరు. షిఫ్టు డ్యూటీల వాళ్లకు, పసిపిల్లలున్న ఇళ్లకు, హాస్పిటల్ ఉద్యోగాల వాళ్లకు ఇది హాయి. అయితే చెల్లకుండా పోయే అవకాశం ఈ దారిలోనే ఎక్కువ. కవరు విప్పగానే ఏముంటాయో చూద్దాం: ఓటు కాగితం, "ఎ" అని ఉన్న చిన్న కవరు, "బి" అని ఉన్న పెద్ద కవరు, సంతకం చేయాల్సిన స్టేట్‌మెంట్. ఓటు కాగితం ఎ కవరులో పెట్టి అంటించాలి. ఆ కవరునూ స్టేట్‌మెంట్‌నూ కలిపి బి కవరులో పెట్టాలి. స్టేట్‌మెంట్ మీద పుట్టిన తేదీ రాసి సంతకం చేయాలి.

తప్పులు జరిగేది సరిగ్గా ఈ చివరి పనిలోనే. పుట్టిన తేదీ గడిలో అలవాటు కొద్దీ ఆ రోజు తేదీ రాసేస్తారు. దరఖాస్తులో తెలుగులో పెట్టిన సంతకం స్టేట్‌మెంట్ మీద ఇంగ్లీషులోకి మారిపోతుంది. రెండు సంతకాలనూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు, పొసగకపోతే ఓటు లెక్కలోకి రాదు. ఆన్‌లైన్ దరఖాస్తులో తెల్ల కాగితం మీద నల్ల సిరాతో చేసిన సంతకం ఫోటో అడుగుతారు. ఆ కాగితాన్ని పారేయకుండా దాచుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు. భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర కూర్చుని రెండు ప్యాకెట్లు ఒకేసారి విప్పితే ఒకరి స్టేట్‌మెంట్ ఇంకొకరి కవరులో పడుతుంది. కాగితం మీది నంబరూ స్టేట్‌మెంట్ నంబరూ కలవకపోతే ఇద్దరివీ ఇబ్బందిలో పడతాయి. ఒకరిది పూర్తిగా అంటించాకే రెండోది విప్పండి.

పోలింగ్ రాత్రి 10 గంటలకల్లా ఆ కవరు వాళ్ల చేతికి అందాలి. పోస్టు ముద్ర మీది తేదీతో పని లేదు. ఆలస్యమైతే పోలింగ్ కేంద్రంలో స్వయంగా ఇవ్వొచ్చు, కానీ అక్కడ చిన్న ఫారం నింపాలి. కౌన్సిల్ ఆఫీసు తలుపుకున్న పెట్టెలో పడేసి వెళ్లిపోతే ఆ ఓటు పోయినట్టే, ఎందుకంటే ఫారం లేదు. ఒక మనిషి తనదీ, ఇంకో ఐదుగురివీ మించి తీసుకెళ్లి ఇవ్వకూడదు. కమ్యూనిటీలో పెద్దమనిషి తలుపు తలుపూ తట్టి కవర్లు పోగుచేసే పద్ధతిని ఆపాలనే ఈ పరిమితి పెట్టారు. మీ దగ్గర అలా అడిగేవాళ్లు ఎంత మంచివాళ్లయినా కవరు ఇవ్వకండి. ప్యాకెట్ అసలు రాకపోతే పోలింగ్‌కు నాలుగు పనిదినాల ముందు నుంచి పోలింగ్ రోజు సాయంత్రం 5 దాకా మారు కాగితం అడగొచ్చు.

ఇంకో సంగతి మరిచిపోతారు. పోస్టల్ ఓటు అడిగాక మనసు మార్చుకుని కేంద్రానికి వెళ్తే అక్కడ మామూలు కాగితం ఇవ్వరు. ప్యాకెట్‌నే నింపి తీసుకెళ్లి ఇవ్వాలి.

ఇండియా వెళ్తుంటే ప్రాక్సీ. ఈ విషయంలో తటపటాయింపు అక్కర్లేదు. అభ్యర్థుల జాబితా ఖాయమైతే గానీ ఓటు కాగితాలు అచ్చుకావు. అవి విజయవాడకో వరంగల్‌కో చేరి, తిరిగి గడువులోపు రావాలంటే అదృష్టం ఉండాలి. 2024 పార్లమెంటు ఎన్నిక చూడండి. మే 22న ప్రకటించారు, జూలై 4న పోలింగ్. నమోదు గడువు జూన్ 18, పోస్టల్ గడువు జూన్ 19, ప్రాక్సీ గడువు జూన్ 26. మే నెలాఖర్లో పిల్లలతో ఊరెళ్లినవాళ్లకు ఇక్కడి ఇంటికి వచ్చిన పోస్టల్ కాగితం వల్ల ఏ ఉపయోగమూ లేదు. ప్రాక్సీకి మాత్రం ఊళ్లో కూర్చుని కూడా దరఖాస్తు చేసుకునే వీలుంది.

ప్రాక్సీ అంటే మీ తరఫున మీ కేంద్రానికి వెళ్లి ఓటు వేసే మనిషి. ఆ మనిషికి కూడా ఆ ఎన్నికలో ఓటు హక్కు ఉండాలి, తన ఫోటో కార్డు చూపించాలి. మీ కార్డుతో పని లేదు. లెస్టర్‌లో ఉండే మీరు బర్మింగ్‌హామ్ స్నేహితుణ్ణి పెట్టుకుంటే ఆయన లెస్టర్ దాకా రావాలి, లేదంటే మీ ఓటును తనకు పోస్టులో పంపమని ముందే అడగాలి. అందుకే అదే వీధిలో ఉండేవాళ్లు మేలు. ఒకరు గరిష్ఠంగా నలుగురికి ప్రాక్సీగా ఉండొచ్చు, అందులో బ్రిటన్‌లో నివాసమున్న ఓటర్లు ఇద్దరికి మించకూడదు. కాబట్టి వేసవి సెలవుల్లో ఊరెళ్లే నాలుగు తెలుగు కుటుంబాలూ ఒకే మిత్రుడి మీద ఆధారపడితే కుదరదు. ఆయన మీరు చెప్పినవాళ్లకే వేశాడో లేదో తెలుసుకునే మార్గం కూడా ఏదీ లేదు, నమ్మకమే ఆధారం. పోలింగ్ ముందు హఠాత్తుగా జబ్బు చేసినా, ఆఫీసు వాళ్లు అప్పటికప్పుడు వేరే ఊరు పంపినా, కార్డు పోయినా ఆ రోజు సాయంత్రం 5 దాకా అత్యవసర ప్రాక్సీ అడగొచ్చు.

దరఖాస్తులో ఏయే ఎన్నికలకు అన్న గడి ఉంటుంది. స్కాట్లాండ్, వేల్స్‌లో ఉండేవాళ్లు కామన్స్‌కు అడిగితే అక్కడి చట్టసభకూ వర్తిస్తుందనుకోకండి, విడిగా చూసుకోండి.

ఇక కాగితం సంగతి

కామన్స్ కాగితం మనకు తెలిసిందే. 650 నియోజకవర్గాలు, ఒక్క ఇంటూ గుర్తు, ఎక్కువ ఓట్లొచ్చినవారు గెలుస్తారు. నోటా లేదు. గుర్తు కోసం పెన్సిల్ ఇస్తారు, మీ పెన్ను వాడినా తప్పు లేదు. పేరు రాయడం, సంతకం పెట్టడం చేయకండి. ఓటరెవరో తెలిసిపోయేలా ఉంటే ఆ కాగితం చెల్లదు. పొరపాటు గుర్తు పెడితే పెట్టెలో వేయకముందే చూపించి కొత్త కాగితం తీసుకోవచ్చు.

ఇక్కడ తేల్చుకోవాల్సింది ఇష్టమైన పార్టీకా, గెలిచే ఇద్దరిలో నయమైనవారికా అన్నది. 2024 ఫలితాలు చూస్తే ఈ ప్రశ్న ఎందుకొస్తుందో తెలుస్తుంది. లేబర్‌కు 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు. రిఫార్మ్ యూకేకు 14.3 శాతంతో 5 సీట్లు. లిబరల్ డెమొక్రాట్లకు అంతకంటే తక్కువ, 12.2 శాతం ఓట్లతో 72 సీట్లు. లిబరల్ డెమొక్రాట్ల ఓట్లు కొన్ని నియోజకవర్గాల్లో గుట్టపోసినట్టున్నాయి, రిఫార్మ్ ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి. సౌత్ వెస్ట్ నార్ఫోక్‌లో మాజీ ప్రధాని లిజ్ ట్రస్ 630 ఓట్ల తేడాతో ఓడారు. గెలిచిన అభ్యర్థికి వచ్చింది 26.7 శాతమే. దేశం మొత్తం మీద సర్వేలు ఏం చెబుతున్నాయో చూసి నిర్ణయించుకోకండి. మీ నియోజకవర్గంలో గత ఎన్నికలో మొదటి ఇద్దరు ఎవరు, తేడా ఎంత అన్నదే చూడండి. తేడా వేలల్లో ఉంటే మనసుకు నచ్చినవారికి వేసినా పోయేదేం లేదు. 2024లో సరిహద్దులు మారాయి కాబట్టి అంతకుముందు ఫలితాలు వాడేటప్పుడు జాగ్రత్త.

స్కాట్లాండ్ పార్లమెంటుకు రెండు కాగితాలిస్తారు. ఒకదానిలో నియోజకవర్గ అభ్యర్థి, రెండోదానిలో ప్రాంతీయ జాబితా, అంటే ముఖ్యంగా పార్టీకి వేసే ఓటు. 73 మంది మొదటి కాగితంతో, 56 మంది రెండోదానితో వస్తారు. 8 ప్రాంతాలు, ఒక్కోదానికి 7 జాబితా సీట్లు. రెండూ ఇంటూ గుర్తులే. చాలామంది రెండో కాగితాన్ని రెండో ప్రాధాన్యం అనుకుంటారు. కాదు. సభలో పార్టీల బలాన్ని సరిచేసేది అదే, ఒక రకంగా మొదటిదానికంటే బరువైనది.

లెక్క ఇలా: ప్రతి పార్టీ జాబితా ఓట్లను, ఆ ప్రాంతంలో అది అప్పటికే గెలిచిన సీట్లకు ఒకటి కలిపి, దానితో భాగించాలి. ఎక్కువ వచ్చినవారికి ఒక సీటు. సీటు వచ్చిన ప్రతిసారీ వాళ్ల భాజకం ఒకటి పెరుగుతుంది. ఊహకు అందేలా గుండ్రటి సంఖ్యలతో చూద్దాం. ఒక ప్రాంతంలో క పార్టీ 8 నియోజకవర్గాలూ గెలిచింది, జాబితా ఓట్లు 1,26,000. ఖ కు 70,000, గ కు 36,000, ఘ కు 30,000, ఈ ముగ్గురికీ నియోజకవర్గాలు సున్నా. క ఓట్లను 9తో భాగిస్తే 14,000. వరుసగా పంచుకుంటూ పోతే ఏడు సీట్లలో ఖ కు 4, గ కు 2, ఘ కు 1 వస్తాయి. ఆఖరి సీటు 17,500 దగ్గర తెగుతుంది. క కు ఒక్కటీ రాదు. ఇది కల్పన మాత్రమే అనుకోకండి: 2021లో గ్లాస్గో ప్రాంతంలో ఎస్ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ) 9 నియోజకవర్గాలూ గెలిచింది, జాబితాలో సున్నా.

ఇప్పుడు క అభిమాని ఏం చేయాలి? క కు జాబితాలో ఒక్క సీటు రావాలంటే ఇంకా 31,500కు పైగా ఓట్లు కావాలి. అదే ఘ కు రెండో సీటు రావడానికి 5,000 పైచిలుకు చాలు. క మిత్రపక్షం ఘ అయితే రెండో కాగితం ఘ కు వేయడం లాభమే. కానీ ఈ ఎత్తుగడ ఒక అంచనా మీద నిలబడింది: క ఎనిమిదీ గెలుస్తుందని. అందులో రెండు ఖ కు పోతే క భాజకం 7కు దిగుతుంది, దాని వాటా 18,000 అవుతుంది, జాబితాలో రెండు సీట్లు దక్కుతాయి. ఈలోపు 20,000 మంది అభిమానులు ఘ వైపు వెళ్లిపోయి ఉంటే ఆ రెండూ ఉండవు. కాబట్టి మా సలహా: మీ పార్టీ ఆ ప్రాంతంలో నియోజకవర్గాలన్నీ కొల్లగొట్టడం ఖాయమైతేనే ఓటు చీల్చండి, సగం సగం గెలిచే చోట రెండు కాగితాలూ ఒకే పార్టీకి వేయండి. చిన్న పార్టీకి వేసేటప్పుడు అది గీత దాటుతుందా అన్నది చూడండి. పై లెక్కలో తొలి సీటుకు 17,500 దాటాలి, అంటే పోలైన వాటిలో దాదాపు 6.7 శాతం. 2021లో అల్బా పార్టీ అచ్చంగా ఈ ఎత్తుగడ మీదే జాబితాలో మాత్రమే పోటీచేసింది. దానికి వచ్చింది 1.7 శాతం, సీట్లు సున్నా.

వేల్స్‌లోనూ మొన్నటిదాకా ఇదే పద్ధతి, 40 నియోజకవర్గ సీట్లు, 20 జాబితా సీట్లు. 2024 చట్టంతో దాన్ని తీసేశారు. 2026 మే 7 ఎన్నిక నుంచి 96 మంది సభ్యులు, 16 పెద్ద నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఆరుగురు. ఒకే కాగితం, పార్టీకో స్వతంత్రుడికో ఒకే ఇంటూ. పార్టీ ఇచ్చిన జాబితాలో మొదటి పేరుకు మొదటి సీటు, మీకు నచ్చిన అభ్యర్థి ఐదో స్థానంలో ఉంటే మీరు పైకి జరపలేరు. ఈ పద్ధతిలో మాకు నచ్చని సంగతి అదే. లాభం కూడా ఉంది: 14.3 శాతం దాటిన పార్టీకి ఒక సీటు ఖాయం, ఓట్లు బాగా చీలితే అంతకంటే తక్కువకే రావొచ్చు. కామన్స్‌కు వేసేటప్పటి "గెలిచే ఇద్దరు" సూత్రం ఇక్కడ వాడకండి. మొదటి నలుగురైదుగురిలో మీకు నచ్చినవారికి వేసేయండి.

స్కాట్లాండ్ కౌన్సిళ్లకు, ఉత్తర ఐర్లాండ్ అసెంబ్లీకి, అక్కడి కౌన్సిళ్లకు అంకెలు వేయాలి. 1, 2, 3 అని ఇష్టం కొద్దీ వరుస. నాలుగు సీట్ల వార్డులో 5,000 చెల్లిన ఓట్లుంటే కోటా, అంటే గెలవడానికి చాలినన్ని ఓట్లు, ఎంతో చూద్దాం: 5,000ను 5తో భాగించి ఒకటి కలిపితే 1,001. ఒకరికి 1,400 వచ్చాయనుకోండి, గెలిచారు, 399 మిగులు. ఆ 1,400 కాగితాలూ ఒక్కోటి 0.285 విలువతో తమ రెండో అంకె ఉన్నవారికి వెళ్తాయి. మిగులు పంచాక కూడా సీట్లు మిగిలితే అట్టడుగున ఉన్నవారిని తీసేసి, వారి కాగితాలను తర్వాతి అంకెకు పంపుతారు.

దీనర్థం, 2 అని వేసినందువల్ల 1 కి ఏ నష్టమూ జరగదు. మొదటివారు గెలిచాకో, పోటీలోంచి పోయాకో మాత్రమే రెండోది కదులుతుంది. కాబట్టి గెలవరని భయపడి నచ్చినవారిని వదులుకోవడం ఇక్కడ దండగ. ఎంతవరకు తేడా తెలుస్తుందో అంతవరకు అంకెలు వేయండి. ఎవరూ వద్దనుకున్న చోట ఆపండి, ఆపై ఖాళీ. ఇద్దరికి 1 వేస్తే చెల్లదు. 1, 2 తర్వాత 4 వేస్తే రెండు దాకానే లెక్క. ఒకే పార్టీ నుంచి ఇద్దరు నిలబడితే కాగితం మీద అక్షరక్రమంలో పైనున్నవారికి 1 ఎక్కువగా పడటం స్కాట్లాండ్‌లో ప్రతిసారీ కనిపించేదే. కిందున్న మనిషి మీకు నచ్చితే కళ్లు కిందిదాకా పోనివ్వండి.

ఒకే రోజు ఇంటూ కాగితాలూ అంకెల కాగితాలూ ఇస్తే ఏమవుతుందో 2007లో స్కాట్లాండ్ చూసింది. పార్లమెంటు ఓట్లు రెండూ ఒకే పెద్ద కాగితం మీద రెండు నిలువు వరుసలుగా అచ్చువేశారు, పక్కనే కౌన్సిల్‌కు కొత్తగా అంకెల కాగితం. జనం ఒకే వరుసలో రెండు ఇంటూలు పెట్టారు, ఇంటూ చోట అంకెలు వేశారు. లక్షకు పైగా కాగితాలు చెల్లకుండా పోయాయి. ఆ దెబ్బతో రెండు ఓట్లకు వేర్వేరు కాగితాలు వచ్చాయి, కౌన్సిల్ ఎన్నికలను వేరే ఏడాదికి జరిపారు.

లండన్‌లో మూడు కాగితాలు: మేయర్, అసెంబ్లీ నియోజకవర్గం, లండన్ మొత్తానికి జాబితా. అసెంబ్లీలో 14 మంది నియోజకవర్గాల నుంచి, 11 మంది జాబితా నుంచి. జాబితాలో 5 శాతం రాని పార్టీకి సీటివ్వరు. మిగతా లెక్క స్కాట్లాండ్‌దే.

రూల్సు ఎవరు మారుస్తారు

ఒకే దేశంలో ఇన్ని రకాలెందుకంటే, మార్చే అధికారం ఒక్కరి చేతిలో లేదు, మార్చే దారులూ ఒకటి కావు. కామన్స్ పద్ధతిని మార్చాలా అని 2011 మే 5న రెఫరెండం పెట్టారు. ఒకే నియోజకవర్గంలో అంకెలు వేసే పద్ధతిని అడిగితే 67.9 శాతం వద్దన్నారు, పోలింగ్ 42 శాతం. వేల్స్ మాత్రం రెఫరెండం లేకుండానే మార్చుకుంది, సెనెడ్‌లో మూడింట రెండొంతుల మెజారిటీ కావాలన్న షరతుతో. లండన్ మేయర్ విషయంలో ఆ షరతు కూడా లేదు. 2000 నుంచి 2021 దాకా ఓటర్లు మొదటి ఎంపిక, రెండో ఎంపిక అని రెండు వరుసల్లో గుర్తు పెట్టేవారు. కామన్స్ సభలో మామూలు మెజారిటీతో వచ్చిన 2022 ఎన్నికల చట్టం రెండో వరుసను తీసేసింది, 2024లో ఒక్క ఇంటూతోనే మేయర్ ఎన్నిక జరిగింది. ప్రభుత్వం మారాక 2025 జూలైలో ఆ రెండో వరుసను తిరిగి తెచ్చే బిల్లు పెట్టారు. అదే నెలలో ఓటు వయసును అన్ని ఎన్నికలకూ 16కు తగ్గిస్తామనీ, బ్యాంకు కార్డును గుర్తింపుగా ఒప్పుకుంటామనీ ప్రకటించారు. స్కాట్లాండ్, వేల్స్‌లో అక్కడి ఎన్నికలకు 16 ఏళ్ల వయసు ఇప్పటికే ఉంది.

లండన్‌లో ఉంటే మేయర్ ఎన్నిక ముందు ఇంటికొచ్చే అభ్యర్థుల బుక్‌లెట్‌ను పారేయకండి. ఆ ఏడాది కాగితం మీద ఒక వరుసా, రెండు వరుసలా అన్నది అందులో చూసుకోవచ్చు. రెండు వరుసలుంటే రెండింటిలోనూ ఒకే పేరుకు గుర్తు పెట్టొద్దు, రెండోది లెక్కలోకి రాదు. మొదటి వరుసలో నచ్చినవారికి, రెండో వరుసలో చివరి ఇద్దరిలో మిగులుతారనుకునేవారిలో నయమైనవారికి పెట్టండి.